నోటుబుక్కులో రాసుకోని మాట

మా ఆసుపత్రికి ఈ మధ్య కొత్తగా వచ్చిన నర్సమ్మాయి మొన్న నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడమ్, మీ దగ్గర కువి మాటల నోటుబుక్కు ఉందటగా, ఒకసారి ఇస్తారా, ఫొటోలు తీసుకుంటాను" అంది. ఆ పిల్లది కృష్ణా జిల్లా. అరకు అంటే కాఫీ తోటలు, పొగమంచు అనుకుని సంబరంగా వచ్చింది. వచ్చిన వారానికే కొండ మీంచి దిగిన ఒక బాలింత నోటి దగ్గర ఫోను పెట్టి, అది తర్జుమా చేసి చెబుతుందేమోనని ఎదురుచూసింది. ఫోనుకి ఆ కొండవాళ్ళ కువి భాష తెలీదు. చాలా ఏళ్ళు నాకూ తెలీదు.

బీరువా అడుగు అరలోంచి నోటుబుక్కు తీశాను. పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి వేసిన అట్ట ఇంకా గట్టిగానే ఉంది. ఎవరిదో పక్కటెముకల నీడ దాని మీద కనిపిస్తుంది. అట్ట వేసింది అప్ప. పుస్తకంలో ఏముందో ఆవిడకి అక్కర్లేదు కానీ వానకి తడవకూడదని వేసింది. తెరవగానే లోపల అంచున పొగాకు మరక. అదీ ఆవిడదే.

అప్ప అంటే మా వైపు అక్క. నేను విజయనగరం పక్క పల్లెదాన్ని. ఇరవై ఏడేళ్ళ వయసులో ఈ కొండల మీదికి వచ్చినప్పుడు ఆవిడకి నలభై దాటి ఉంటాయి. ఎన్నేళ్ళని అడిగితే "నాకేటి తెల్సు, మా అమ్మనడగాల" అనేది. వాళ్ళమ్మ పోయి అప్పటికే చాలా కాలమైంది. ఆవిడ మా ఆసుపత్రిలో ఊడ్చేది. ఉద్యోగానికని రాలేదట. నా కంటే ముందు, ఎవరో జ్వరం మనిషిని వెంటబెట్టుకుని వచ్చి, వరండాలో కూర్చోవడానికి చోటు చూస్తే దుమ్ము కనిపించి, మూలనున్న చీపురు తీసిందట. అప్పటి డాక్టరు ఆ చీపురు ఆవిడ చేతిలోనే ఉంచేశాడు.

పొట్టి మనిషి. ముక్కుకి మూడు పుడకలు, అటొకటి, ఇటొకటి, మధ్యలో ఒకటి. చీర మోకాళ్ళ కిందికి దిగేది కాదు. నోట్లో ఎప్పుడూ అడ్డపొగ. చుట్టని కాలే కొస నోటి లోపలికి పెట్టుకుని పీల్చేది. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, నవ్వేది, డాక్టరు కనబడితే మూసుకునేది. "అప్పా, నోటికి కేన్సరొచ్చీగలదు" అని నేను భయపెడితే, "నిప్పు బయటెట్టుకుంటే గాలికి ఆరిపోద్ది నర్సమ్మా" అని నాకు తెలియని ఉపాయం చెప్పినట్టు చెప్పేది.

ఆవిడకి నాలుగు భాషలు వచ్చు. ఒక్కటీ బళ్ళో నేర్చుకోలేదు.

మొదటిది కువి. పుట్టిన ఊరిది. ఆ ఊరికి మా ఆసుపత్రి దగ్గర రోడ్డు ఆగిపోయాక ఇంకో రెండు కొండలు ఎక్కాలి. తొమ్మిదో పదో ఏట ఆవిడని కింది ఊళ్ళో ఒకరింట పశువులు కాయడానికి పెట్టారు. అక్కడంతా ఒడియా, ఈ కొండల్లో మాట్లాడే ఒడియా. "మడుసులెవులూ నాతో మాటాడ్డం నేదు. ఎద్దులకి ఒడియా వొచ్చు. ఆటికాడే నేర్సుకున్నాను" అనేది. ఆగు, తిరుగు, తాగు అన్న మాటలు ముందు వచ్చాయట. కొన్నాళ్ళు ఇంటావిడతో కూడా ఎద్దులతో మాట్లాడినట్టే మాట్లాడానని, అన్నానికి పిలిస్తే "ఆగు" అనేదాన్నని చెప్పి తనే పడీ పడీ నవ్వేది.

తెలుగు పెళ్ళయ్యాక వచ్చింది, సంతలో. చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకెళ్ళి, కొనడానికొచ్చిన వాళ్ళతో దెబ్బలాడుతూ నేర్చుకుంది. అందుకని ఆవిడ తెలుగులో తిట్లు ముందు, తక్కిన మాటలు తర్వాత. మీరు, గారు అని ఆ సంతలో ఆవిడతో ఎవరూ అనలేదు, ఆవిడకీ రాలేదు. ఒకసారి జిల్లా నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తే, "నువ్వు కూకో, డాట్రు వొత్తాడు" అంది. మేమంతా బిగుసుకుపోయాం. ఆయన కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ ఆయన్ని కాళ్ళెత్తమని, కింద ఊడ్చింది.

ఇంట్లో మొగుడితో, కూతురితో ఒడియా. కోళ్ళని తిట్టాలంటే తెలుగు. కువిని మాత్రం ఇంటికి తీసుకెళ్ళలేదు, ఆసుపత్రి వరండాలోనే ఉంచేసింది. అత్తారి ఊళ్ళో ఆ భాష ఎవరికీ రాదు. కూతురికి నేర్పలేదు, కూతురి కూతురికీ నేర్పలేదు. ఎందుకు నేర్పలేదంటే "ఆల్లకి దాంతో ఏటి పని" అనేది. అలా అన్నప్పుడు మాత్రం ఆవిడ మొహంలో నవ్వుండేది కాదు.

మా ఆసుపత్రికి దాంతో చాలా పని ఉండేది. కొండ మీంచి మనిషి రాగానే అప్ప చీపురు గోడకి ఆనించేది. ఎదురుగా గొంతుక్కూర్చుని, వాళ్ళ మోకాలి మీద చెయ్యి వేసి, ఏదో అడిగేది. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఇంకోటి అడిగేది. వాళ్ళు ఇంకోటి చెప్పేవాళ్ళు. మధ్యలో నవ్వులు. నేను చేతిలో థర్మామీటరుతో నిలబడి ఉండేదాన్ని. పావుగంటకి ఆవిడ లేచి, కొంగు దోపుకుని, నా వైపు తిరిగి, "కడుపునొప్పి. మూడ్రోజులు" అనేది.

"ఇంతసేపు మాట్లాడింది ఇదేనా?"

"నీకు కావాల్సింది అదే కదేటి."

ఆ పావుగంటలో ఏం జరుగుతుందో నాకు పైపైన తెలుసు. ఆవిడే ఒకసారి చెప్పింది. ఏ ఊరు, ఎవరింటి మనిషి, తిన్నారా లేదా అని ముందు అడుగుతారు. ఎక్కడో ఒకచోట చుట్టరికం తగిలేదాకా వెతుక్కుంటారు. తగలకపోతే ఏ సంతకి పోతారో అడుగుతారు. ఇద్దరిదీ ఒకే సంత అయినా చాలు, ఇంక పరాయివాళ్ళు కారు. అది తేలాకనే రోగం మాట. అంతకు ముందు ఎత్తకూడదు. నాకు ఇదంతా వినడానికి బాగానే ఉండేది. కానీ బయట బెంచీ మీద ఇంకో ఇరవైమంది ఉంటే ఎవరికి బాగుంటుంది?

నోటుబుక్కు పెట్టింది అందుకే. ఆర్నెల్లలో ఈ భాష నేర్చేసుకుని నా పని నేను చేసుకోవాలని పంతం. నేను కోపిష్టిదాన్ని, దానికితోడు తొందర. ఎడమవైపు తెలుగు, కుడివైపు కువి. జ్వరం, వాంతి, విరేచనం, దగ్గు, నెత్తురు, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి. అప్ప ఊడుస్తుంటే వెనకే తిరిగి అడిగి రాసుకునేదాన్ని. ఒకరోజు రాసినవన్నీ చదివి వినిపించాను, మెచ్చుకుంటుందని. చుట్ట తీసి నిప్పు వైపు చూసుకుంటూ అంది: "నీ బుక్కునిండా రోగాలోల్లే. ఇది సదివినోడు మావోల్లు తినరు, నవ్వరు, మూలుగుతారంతే అనుకుంటాడు."

రెండో ఏడు జ్వరాల రోజుల్లో ఒక మధ్యాహ్నం, దుప్పటి కప్పుకుని ఒకావిడ వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. అప్ప మామూలుగానే గొంతుక్కూర్చుని మొదలుపెట్టింది. వరండా నిండా జనం. నాకు ఒళ్ళు మండింది. "ఇది ఆసుపత్రనుకున్నావా, పెళ్ళిచూపులనుకున్నావా? జొరం ఎన్నాళ్ళో అడుగు బేగి!" అని అందరి ముందూ అరిచాను.

అప్ప లేచింది. "నీకు బుక్కుంది కదా, నువ్వే అడుగు" అని చీపురు తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళిపోయింది.

నేను పుస్తకం తెరిచి అడిగాను. ఎక్కడ నొప్పి? ఎన్నాళ్ళ నుంచి? వాంతులున్నాయా? నెత్తురు పోతోందా? ఆవిడ నేల వైపు చూస్తూ అన్నిటికీ లేదు, లేదు అని తల ఊపింది. జ్వరం బిళ్ళలిచ్చి పంపేశాను. మూడు నిమిషాల్లో అయిపోయింది. గర్వపడ్డాను కూడా, అది చెప్పకుండా దాచడం దేనికి.

మర్నాడు అప్ప రాలేదు. ఆవిడ రాకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. మధ్యాహ్నానికి కొండ మీంచి డోలీ దిగింది. కర్రకి కట్టిన దుప్పట్లో నిన్నటి ఆవిడ. వెనకాల కాళ్ళకి బురదతో అప్ప. ఆ మనిషికి కాన్పయి ఆరు రోజులట. బిడ్డ దక్కలేదు. మాయ ముక్క లోపల ఉండిపోయి నెత్తురు పోతూనే ఉంది. జీపులో కిందికి పంపాం. బతికింది.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే అప్ప నా పక్కకొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నిన్న నువ్వడిగిందల్లా దానికి తెలిసింది నర్సమ్మా. నువ్వెవులో తెల్నేదు" అంది.

తప్పయిందన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆవిడని తొందరపెట్టలేదు. ఎంత జనమున్నా ఆ పావుగంట ఆవిడకి వదిలేశాను. కానీ ఆ ప్రశ్నలు నేను నేర్చుకోలేదు. ఆవిడ ఉంది కదా, అడుగుతుంది కదా అనుకున్నాను. అంత దెబ్బ తిన్నాక కూడా నా నోటుబుక్కులోకి కొత్తగా చేరినవి మాయ, మైల, ఉమ్మనీరు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే విసుగొస్తుంది.

డాక్టర్లు వచ్చారు, పోయారు. నేను రెండుసార్లు కిందికి బదిలీ అడిగి, రెండుసార్లూ నేనే మానుకున్నాను. అప్పకి అరవై వచ్చాయి, అరవై అని నేనే అనుకున్నాను. ఆ ఏడే ఆవిడ హిందీ మొదలుపెట్టింది. అల్లుడు బొర్రా గుహల దగ్గర బొంగు చికెన్ బండి పెట్టాడు. సెలవు రోజుల్లో ఈవిడ సాయానికి పోయేది. బైఠో, గరం హై, మిర్చీ కమ్ అన్నవి వారంలో వచ్చేశాయి. ఒక ఆదివారం చర్చి అయ్యాక నేనూ వెళ్ళి చూశాను. కారు దిగిన ప్రతివాళ్ళనీ "కౌన్ గావ్? ఖానా ఖాయా?" అని అడుగుతోంది. అల్లుడు తల పట్టుకున్నాడు. "అత్తా, తిని వొచ్చాం అంటే మన కోడి ఎవడు తింటాడే? అదొక్కటీ అడక్కు." ఆవిడ వినలేదు. కలకత్తా నుంచి వచ్చిన ముసలాయనొకడు ఆవిడ పక్కన కూర్చుని, వాళ్ళ ఊళ్ళో సంత ఏ వారం జరుగుతుందో గుర్తు చేసుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి రోజూ సంతే అన్నాడు. అప్ప నమ్మలేదు.

"ఈ వయసులో కొత్త భాష ఎలా పట్టుబడుతోందే నీకు?" అని అడిగాను.

"ముసిలితనంలో వొచ్చిన మాట ఇంటిలోకి రాదు. అరుగు మీద కూకుంటాది. కూకోనీ, మనకేటి నట్టం" అంది.

నాలుగేళ్ళ కిందట, వానల్లో, పొద్దున్న వరండా ఊడుస్తూ పడిపోయింది. నేను అప్పుడు మందుల గదిలో ఉన్నాను. చీపురు పడిన చప్పుడు విన్నాను కానీ మనిషి అనుకోలేదు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మూతి వంకర పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అంబులెన్సులో కిందికి, నగరంలో పెద్దాసుపత్రికి పంపాం. నాకు సెలవు దొరికి వెళ్ళేసరికి మూడో రోజు.

మంచం పక్కన మనవరాలు ఉంది. అప్పటికి పదహారేళ్ళు, హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నన్ను చూడగానే ఏడ్చేసింది. "మేడమ్, అమ్మమ్మకి తెలుగు పోయింది. ఒడియా కూడా పోయింది. ఏదో ఒకటే మాట అంటోంది, అదేటో నాకు తెలీట్లేదు. నీళ్ళా అంటే కాదంటంది. దుప్పటా అంటే కాదంటంది. ఏమీ తినట్లేదు."

అప్ప ఎడమ చేతిని గాజుగుడ్డతో మంచం ఊచకి కట్టేసి ఉంచారు. ముక్కులోంచి వేసిన గొట్టాన్ని రెండుసార్లు పీకేసిందట. అక్కడి డాక్టరు చిన్నవాడు, మంచివాడే. మింగే శక్తి ఉందని, నోరే తెరవడం లేదని, ఇలాగే ఉంటే సాయంత్రం మళ్ళీ గొట్టం వేయక తప్పదని చెప్పాడు. ఈసారి పీకితే నెత్తురొచ్చే ప్రమాదం ఉందని, తినకపోతే అసలు నిలవదని కూడా చెప్పాడు. కేసు షీటులో 'అర్థం లేని మాటలు' అని రాసి ఉంది.

"అర్థం లేనివి కావు సార్. మనకి తెలీనివి" అన్నాను.

"మీకు తెలుసా?" అని ఆశగా అడిగాడు.

నేను నోటుబుక్కు తెచ్చుకున్నాను, సంచీలోనే ఉంది. అప్ప నా వైపు చూసి ఆ మాట అంది. ముద్దగా, నాలుక మడతపడుతూ. ఎక్కడో విన్నట్టే ఉంది, కానీ నా పుస్తకంలో లేదు. మంచం మీది మనిషి అడిగేది నీళ్ళో, మందో, బెడ్‌పానో అయి ఉంటుందని ఇన్నేళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది. అవన్నీ చూపించాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. సరే అని నాకొచ్చిన కువి మొదలుపెట్టాను. ఎక్కడ నొప్పి? ఎన్నాళ్ళ నుంచి?

అప్ప కళ్ళు తెరిచింది. కష్టం మీద తల పక్క మంచం వైపు తిప్పింది. అక్కడ శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పడుకుని ఉంది. అప్ప ఆవిడతో, పాత గొంతు తెచ్చుకోవాలని చూస్తూ, నేనడిగిన ప్రశ్నే కువిలో అడిగింది. ఎక్కడ నొప్పి? ఎన్నాళ్ళ నుంచి? అడిగి, ఆవిడ చెబితే నాకు చెబుదామని ఆగింది.

పక్క మంచం ఆవిడ బిత్తరపోయి, "ఏటంతందమ్మా ఈవిడ, నాతోనేటి?" అని అడిగింది.

ఇరవై మూడేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం. ఆవిడ భాషలో ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. రోగాలున్నాయి, అంతే. భయపడకు అనడం రాదు. నేనున్నాను అనడం రాదు. చేతి కట్టు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఆ పిల్ల నన్ను ఓదార్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, కొండ మీది ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది. కువి అమ్మాయి, తెలుగూ వచ్చు. కానీ ఆ ఊళ్ళో ఫోను పలకదు. కిందికి వచ్చే దారి మలుపులో ఒక బండరాయి మీద నిలబడితేనే సిగ్నలు. రోజూ మధ్యాహ్నం రిపోర్టు పంపడానికి అక్కడికొస్తుంది. పదకొండు నుంచి నొక్కుతూనే ఉన్నాను. ఒంటిగంట దాటాక ఎత్తింది. సంగతి చెప్పి ఫోను అప్ప నోటి దగ్గర పెట్టాను. అప్ప ఆ మాట అంది.

ఫోనులో ఆ అమ్మాయి, "ఏటి సిస్టర్, నీకు తెల్దా ఇది? 'నువ్వు ఏ ఇంటి గుంటవి' అని అడగతంది" అంది.

"ఎవరిని?"

"ఎవులు ఎదురుగున్నారో ఆల్లని. నిన్నే."

ఆ వార్డులో మూడు రోజులుగా ఆవిడ దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ అప్ప అదే అడిగింది. సూది పట్టుకొచ్చిన నర్సుని, గొట్టం పట్టుకొచ్చిన డాక్టరుని, దుప్పటి మార్చిన ఆయాని. ఎవరింటి బిడ్డవి? ఎవరూ చెప్పలేదు. చెప్పని వాళ్ళ చేత తినదు, వాళ్ళ గొట్టం ఉంచుకోదు. మనవరాలిని కూడా అడిగింది, తన ఇంటి పిల్లనే. చిన్నప్పుడు వదిలేసొచ్చిన ఊళ్ళో కూర్చుని ఆవిడ మమ్మల్నందరినీ చూస్తోంది. ఇక నా సంగతి. ఆ మాట నా చెవిలో కొన్ని వేలసార్లు పడి ఉంటుంది. నేను సిరంజి సర్దుకుంటూ, రిజిస్టరులో గీతలు కొట్టుకుంటూ, అది ఎప్పుడు అవుతుందా, నా పని ఎప్పుడు మొదలవుతుందా అని చూసేదాన్ని.

స్పీకరు పెట్టాను. ఆశా అమ్మాయి తన ఊరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది, తాత పేరు చెప్పింది. అప్ప ఒక్కొక్క పేరుకీ ఆగి ఆలోచించింది. ఎక్కడో ఒక పేరు దగ్గర ఆవిడ వంకర మూతి కదిలింది. "మా తాత చెల్లి ఈల్ల పెద్దమ్మకి కోడలంట!" అని ఫోనులోంచి సంతోషంగా కేక. పక్క మంచం ఆవిడ కూడా సంగతి తెలియకుండానే నవ్వింది. "ఇప్పుడు నువ్వు సెప్పు సిస్టర్. నేనంటాను, నా యెనకే అను."

ఆ అమ్మాయి ఒక్కో మాటా అంటుంటే నేను వెనకే అన్నాను. మా నాన్న పేరు. మా ఊరి పేరు. అప్ప చాలాసేపు వెతికింది. నా మొహం వైపే చూస్తూ వెతికింది. మా నాన్న పేరు ఆ కొండల్లో ఎక్కడ తగులుతుంది? లేదని తల ఊపింది. అప్పుడు ఇంకో మాట అడిగింది. ఈసారి ఫోను చెప్పకముందే నాకు తెలిసింది.

"సంతేది అంటంది" అంది ఆశా అమ్మాయి.

నేను మా ఊరి సంత చెప్పలేదు. అప్పా నేనూ ఇరవై మూడేళ్ళు కలిసి వెళ్ళిన శుక్రవారం సంత పేరు చెప్పాను. అప్ప ఎడమ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుసు. కొండ దారిలో నేను జారినప్పుడల్లా పట్టుకునేది. ఏదో అంది. "మనదే సంతంట" అని ఫోను చెప్పింది.

మనవరాలు ఫ్లాస్కులో తెచ్చిన చోడి అంబలి చెంచాతో పెట్టాను. నోరు తెరిచింది. సగం మూతి పక్కనుంచి కారిపోయింది. పక్క మంచం ఆవిడ గట్టిగా, "తాగిందమ్మా, తాగింది" అని వార్డంతటికీ చెప్పింది. సాయంత్రం గొట్టం వెయ్యలేదు.

ఇంటికొచ్చాక నాలుగు నెలలు ఉంది. ఒడియా రాలేదు. తెలుగు ఒక్క ముక్క తిరిగొచ్చింది, కోళ్ళని తిట్టే తిట్టు. అది మాత్రం సంతలో అన్నంత స్పష్టంగా వచ్చేది. ప్రతి ఆదివారం నేను వెళ్ళేదాన్ని. మంచం పక్కన నేల మీద యాభై ఏళ్ళ నేనూ పదహారేళ్ళ మనవరాలూ, ఒకటే క్లాసు. ఆ పిల్లకి రెండుసార్లు వింటే వచ్చేసేది, నాకు పదిసార్లు విన్నా నాలుక తిరిగేది కాదు. తప్పు అంటే అప్ప దిద్దేది కాదు. బదులు చెప్పకుండా గోడ వైపు చూసేది. సరిగ్గా అన్నాక తిరిగేది. వస్తువుల పేర్లు ఒక్కటీ నేర్పలేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, తిన్నావా అంటే ఏమనాలో, పోయొస్తాను అని ఎలా అనాలో, అవే. అమ్మమ్మ భాష అమ్మమ్మ దగ్గర నేర్చుకుంటూ ఆ పిల్ల ఒకరోజు, "ముందే నేర్పొచ్చు కదా" అని తెలుగులో గొణిగింది. అప్పకి అది అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

చలి మొదలయ్యాక పోయింది. ఆ ఆదివారం నేను పోయొస్తాను అంటే, సరిగ్గానే అన్నాను కాబోలు, గోడ వైపు తిరగలేదు. బుధవారం కబురొచ్చింది. ఇప్పటికీ వరండాలో గోడకి ఆనించిన చీపురు చూస్తే నాకు మనసు బాగుండదు. దాన్ని లోపల పెట్టమని ఇప్పుడు ఊడ్చే ఆవిడకి చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

కువి నాకు ఇంటిలోకి రాలేదు. ఆవిడ అన్నట్టు అరుగు మీద కూర్చుంది. కూర్చోనీ.

కొత్త నర్సమ్మాయి మొన్న పుస్తకం తీసుకుని ఫొటోలు మొదలుపెట్టింది. మొదటి పేజీకి ముందు నేను తర్వాత అంటించిన కాగితం చూసి ఆగింది. నాలుగు వాక్యాలు ఉన్నాయి దాని మీద.

"మేడమ్, ఇవి ఏ కేసుకి?"

"అన్ని కేసులకీ. ఇవి అయ్యాకే తక్కినవి."

చదువుకుంది. పెదాలు కదుపుతూ రెండుసార్లు అనుకుంది. తెలివైన పిల్ల, వెంటనే అసలు చిక్కు పట్టుకుంది. "నేను అడిగితే వాళ్ళూ నన్ను అడుగుతారుగా మేడమ్. మా నాన్న పేరు చెబితే ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?"

"తెలీదు. అప్పుడు సంత అడుగుతారు. సంత పేరు చెప్పు."

"నేనింకా ఏ సంతకీ వెళ్ళలేదు మేడమ్."

పుస్తకం ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని మూసి, నా సంచీలో పెట్టుకున్నాను.

"అయితే ఎల్లుండి శుక్రవారం. పొద్దున్నే చెప్పులు గట్టివి వేసుకుని రా."